హైవే మీద ముందు బండికి గ్యాప్ ఇడిస్తె మధ్యల ఎవరో ఒకరు దూరుతున్నరు, మీరెట్ల మెయింటెయిన్ చేస్తున్నరు?

నల్లగొండ_టు_ఎల్బీనగర్

అందరికి నమస్తే. నాది నల్లగొండ, పని హైదరాబాద్ల. నాలుగేండ్ల నుంచి వారం వారం ఇదే రోడ్డు, నార్కట్‌పల్లి కాడ విజయవాడ హైవే ఎక్కుడు, చిట్యాల, పంతంగి టోల్, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్. ఇన్నేండ్లల్ల బండికి ఒక్క గీత పడలే. మొన్న ఆదివారం సాయంత్రం పడ్డది, దాని గురించే అడుగుతున్న.

బండ్ల అమ్మ, మా ఆవిడ, నాలుగేండ్ల పాప ఉన్నరు. చిట్యాల ఇంక రాలే, రైట్ లేన్ల 80 మీద పోతున్న, ముందల ఒక కారు, దానికి నాకు మధ్య రెండు కార్లు పట్టే జాగ ఉండె, అంతకంటె ఎక్కువ లేదు, అది సరిపోతదనే అనుకున్న ఎందుకంటె ఇన్నేండ్లు అట్లనే నడిపిన. మీడియన్ కట్ కాడ, అంటె డివైడర్ మధ్యల సందు కాడ, బైకు మీద గడ్డిమోపు పెట్టుకొని ఒకాయన అడ్డమొచ్చిండు, ముందు కారాయన బ్రేకు కొట్టిండు, నాకు ఎర్రలైట్లు కనపడ్డయి, కాలు బ్రేకు మీదికి పోయింది కని అప్పటికే తగిలింది. ఆ సప్పుడు ఇంక చెవులల్ల ఉండంగనే ఎనక నుంచి ఇంకో కారొచ్చి తగిలింది. దేవుని దయ, ఎవరికి దెబ్బలు తాకలే, పాప తన సీట్ల బెల్టు పెట్టి ఉండె. అమ్మ ఒడిల ఉన్న స్టీలు టిఫిన్ డబ్బా ఎగిరొచ్చి గేరు రాడ్డు కాడ పడి మూత ఊడింది, పులిహోర అంత డ్యాష్‌బోర్డు మీద. బానెట్ కింద నుంచి పచ్చటి కూలెంట్ కారి రోడ్డు మీద పారుతుంటె పాప "అదేంది నాన్నా" అని అడిగింది, నాకు నోట్లకెల్లి మాట రాలే.

ముందాయన నాదే తప్పన్నడు, నేను ఎనకాయనది తప్పన్న, ఎనకాయనేమో నువ్వు సడన్‌గ ఆపినవ్ అన్నడు. ముగ్గురం రైట్ లేన్లనే నిలబడి మాట్లాడుతున్నం, ఒక లారీ డ్రైవర్ స్లో చేసి "ముందు పక్కకు పెట్టుకోన్రి, ఇంకోడొచ్చి గుద్దితె అందరు పోతరు" అని అరిచిండు, అప్పుడు తెలివికొచ్చినం.

ఇప్పుడు నా డౌటు ఏందంటే, ఎంత దూరం ఇడువాలె? ఇడిస్తె ఉంచనిస్తలేరు, కారు సైజు జాగ కనపడితే చాలు ఎడమ నుంచి ఒకరు, కుడి నుంచి ఒకరు దూరుతున్నరు. ఎనకాయనేమో ముందు అంత ఖాళీ పెట్టుకొని పోవేంది అని డిప్పర్ కొడుతున్నడు. గా రోడ్డు మీద దూరం మెయింటెయిన్ చేసేటోళ్ళు నిజంగ ఉన్నరా, ఉంటె ఎట్ల చేస్తున్నరు? ఇంకోటి, మా ముగ్గురిల తప్పు ఎవరిది?

మిర్యాలగూడ_12టైర్లు

తమ్మీ, ముందుగాల అందరు మంచిగున్నరు, అది చాలు. బండి రిపేరైతది.

నేను బియ్యం లోడు కొట్టేటోన్ని, 18 ఏండ్లాయె స్టీరింగ్ పట్టి. నీకు కారు దిక్కుకెల్లి తెలుసు, నేను లారీ దిక్కుకెల్లి చెప్త. నా బండ్ల 25 టన్నులు ఉంటయి, మాది గాలి బ్రేకు, పెడల్ తొక్కంగనే పట్టదు, గాలి పైపులల్ల పోయి డ్రమ్ము కాడ పట్టేదాక ఒక క్షణం పడతది, ఆ క్షణంల బండి ముందుకే పోతుంటది. అందుకే నేను ముందు బండికి చానా జాగ ఇడుస్త. ఆ జాగ చూసి కార్లోల్లు ఏమనుకుంటరంటే లారీ స్లోగ పోతాంది, ముందల ఖాళీ ఉంది, దూరిపోదాం అని. దూరిపోతె పోయిన్రు, దూరినంక పంతంగి టోల్ కనపడంగనే బ్రేకు కొడతరు సూడు, అప్పుడు నా పానం పోయినంత పనైతది. నేను ఇడిచిన జాగ ఖాళీ జాగ కాదు, అది నా బ్రేకు. నా బ్రేకుల వచ్చి కూసుంటే నేనేం తొక్కాలె?

ఇంకోటి, లారీ ఎనక అంటుకొని రాకున్రి. నా సైడు అద్దాలు మీకు కనపడలేదంటె మీరు నాకు కనపడనట్టే. మీరున్నరని నాకు తెల్వదు, ముందల గుంత ఉందని మీకు తెల్వదు.

రిటైర్డ్_డ్రైవర్_దేవరకొండ

బిడ్డా, నేను బస్సు నడిపి రిటైరైన, 31 ఏండ్ల సర్వీసు. నువ్వు అడిగినదానికి మీటర్లల్ల జవాబు చెప్తే నీకు రోడ్డు మీద ఉపయోగం లేదు, 60 మీటర్లంటె ఎంతనో నడుస్తున్న బండ్ల నుంచి ఎవరు కొలుస్తరు. టైముతోటి కొలువాలె. ముందు బండి ఒక సైన్‌బోర్డో, చెట్టో, కల్వర్టు గోడనో దాటంగనే నోట్ల లెక్క మొదలుపెట్టు, నూటొకటి, నూటరెండు, నూటమూడు, నిమ్మళంగ, ఒక్కోటి ఒక సెకను. నూటమూడు అనకముందే నువ్వు ఆ చెట్టు కాడికొచ్చినవంటె దగ్గరున్నట్టు, జర యాక్సిలేటర్ మీదికెల్లి కాలు తియ్యి. అంతే, బ్రేకు కొట్టుడు కాదు, కాలు తీసుడు. 60 మీద పోయినా 100 మీద పోయినా ఇదే లెక్క, స్పీడు పెరిగితె దూరం దానంతటదే పెరుగుతది.

80 మీద బండి సెకనుకు 22 మీటర్లు పోతది. నువ్వు రెండు కార్ల జాగ అన్నవ్, అంటె 8-9 మీటర్లు, అర సెకను కూడ లేదు. మనిషి కంటికి ఎర్రలైటు కనపడి కాలు బ్రేకు మీద పడాలంటె ఎంత హుషారున్నోనికైనా దగ్గర దగ్గర సెకను పడతది. అంటె నువ్వు బ్రేకు తొక్కకముందే జాగ అయిపోయింది. నీ కాలు ఆలస్యం చేయలే, నీ మనసు మీద పెట్టుకోకు, అక్కడ జాగనే లేదు.

బస్సుల మేమెందుకు నేర్చుకున్నమంటె నిలబడ్డ ప్యాసెంజర్లు. పండుగపూట 50 సీట్ల బస్సుల 90 మంది ఉంటరు, సడన్ బ్రేకు కొడితే ముసలమ్మలు వచ్చి ఇంజిన్ మీద పడతరు. నా మొదటి ఏడాదిల ఒకామె పడ్డది, చెయ్యి గాజులు పగిలి నెత్తురొచ్చింది, ఆమె నన్ను ఒక్క మాట కూడ అనలే, కొంగు చుట్టుకొని కూసున్నది. ఆ రోజు నుంచి నేను ముందు బండి బ్రేకు లైటు ఒక్కటే చూసుడు బంద్ చేసిన, దాని ముందల ఉన్న బండి, దానికి ముందున్న బండి చూసుకుంట పోయేది. దూరం ఉంటేనే ఆ చూపు దొరుకుతది, అంటుకొని పోతె ముందు బండి డిక్కీ తప్ప ఏం కనపడుతది.

స్పీడ్_లవర్_సూర్యాపేట

పెద్దాయన మాట మీద గౌరవం ఉంది కని నాకు ఇది మన రోడ్లకి ప్రాక్టికల్ అనిపించట్లే. మూడు సెకన్లు అంటే 100 మీద దగ్గర దగ్గర 80 మీటర్లు, సంక్రాంతి టైంల విజయవాడ హైవే మీద 80 మీటర్లు ఇడిస్తె అండ్ల పది బండ్లు దూరుతయి, ఒకరు దూరంగనే మళ్ళ ఎనకకు, ఇంకొకరు దూరంగనే మళ్ళ ఎనకకు, గట్ల ఎనకకు జరుగుకుంట పోతే ఊరెప్పుడు చేరాలె? ఇప్పటి కార్లకు ఏబీఎస్ ఉంది, డిస్క్ బ్రేకులున్నయి, పాత అంబాసిడర్ల టైం లెక్కలు ఇప్పుడెందుకు? ఒక సెకను, ఎక్కువల ఎక్కువ సెకనున్నర చాలు అని నా ఉద్దేశం. తప్పయితే చెప్పండి, నిజంగనే అడుగుతున్న.

జడ్చర్ల_టీచరమ్మ

స్పీడ్ లవర్ తమ్ముడూ, అడిగినవ్ కాబట్టి చెప్తున్న. నేను రోజు జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాక బెంగళూరు హైవే మీద పోయి వచ్చేదాన్ని, ఆరేండ్లు, లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి లెక్కతోనే చెప్త.

ఏబీఎస్ చక్రాలు లాక్ కాకుండ చూస్తది, బ్రేకు కొట్టినప్పుడు కూడ స్టీరింగ్ తిరుగుతది, మంచిదే. కని నీ కన్ను చూసి కాలు కదిలే టైంని అది తగ్గించదు. అంబాసిడర్ నడిపినోనికి ఎంత టైం పట్టిందో నీకు అంతే పడతది. ఇంక బ్రేకు పట్టినంక ఆగే దూరం స్పీడుతోటి సమానంగ పెరగదు, స్పీడు డబుల్ అయితే దూరం నాలుగింతలు. పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుందాం, 80 మీద చూసి, తొక్కి, పూర్తిగ ఆగేసరికి 70 మీటర్ల దాక పోతది, 100 మీద దగ్గర దగ్గర 100 మీటర్లు. మా చెల్లె ఇంగ్లండ్ల లైసెన్సు తీసుకున్నప్పుడు వాళ్ళ రూల్ పుస్తకం చూపించింది, ముందు బండికి పొడి రోడ్డు మీద కనీసం రెండు సెకన్ల గ్యాప్, వాన పడితే దానికి కనీసం డబుల్ అని రాసుంది. అక్కడ లేన్ల మధ్యల గడ్డిమోపు బైకులు రావు, బర్లు రావు, ఎదురు ట్రాక్టర్లు రావు. అయినా రెండు సెకన్లు కనీసం అన్నరంటె మనకు మూడు ఎక్కువనా?

ఇప్పుడు ఊరెప్పుడు చేరాలె అన్నవ్ కదా. ఒక బండి నీ ముందు దూరింది, నువ్వు కాలు తీసి మళ్ళ మూడు సెకన్లు ఎనకకు జరిగినవ్. నీకు పోయింది ఎంత? ఆ మూడు సెకన్లే. నార్కట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాక 20 బండ్లు దూరినయి అనుకో, 20 మూళ్ళు 60, ఒక్క నిమిషం. నలభై దూరితే రెండు నిమిషాలు. పంతంగి కాడ ఫాస్టాగ్ స్కాన్ కాకపోతె అంతకంటె ఎక్కువ నిలబడతం.

కళ్ళతోని చూడాలంటె కిలోమీటరు రాళ్ళ మధ్యల 200 మీటర్లకొక చిన్న రాయి ఉంటది చూడు, 90 మీద ఆ రాయి నుంచి ఈ రాయికి 8 సెకన్లు. మూడు సెకన్లంటె రెండు రాళ్ళ మధ్య దూరంల సగం కూడ కాదు. నేను అట్లనే అలవాటు చేసుకున్న, రాళ్ళు చూసి.

నేను గట్టిగ నమ్మడానికి ఒక కారణముంది. యాసంగి కోతలప్పుడు, రాత్రి ఎనిమిది దాటింది, బాలానగర్ దాటినంక ముందు ఒక కారు పోతాంది, బ్రేకు లైటు ఎలగలే, ఏం లేదు, ఒక్కసారి కుడికి కోసిండు. ఆయన పక్కకు జరగంగనే నా లైట్ల ముందు కనపడ్డది ఏందంటె రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప, పైన నల్ల టార్పాలిన్, ఎగిరిపోకుండ చుట్టూ పెద్ద పెద్ద బండరాళ్ళు. ముందాయన బ్రేకు కొడితె నాకు ఎర్రలైటు అన్నా కనపడేది, ఆయన కొట్టలే, తప్పుకున్నడు. నాకు దూరం ఉండె కాబట్టి ఆపగలిగిన, బానెట్ ముందు ఒక రాయికి నాలుగు అడుగుల దూరంల ఆగింది. దిగి చూసిన, ఒక్కో రాయి మా ఇంట్ల రుబ్బురోలంత ఉంది. రైతుకు ఆరబెట్టే జాగ లేక ఆరబోసిండు, నేను ఆయన్ని అనను, కల్లాలు లేకపోతే ఆయనేం చేస్తడు. కని ముందు బండి ఆగుతదని మాత్రమే అనుకొని నడపొద్దు, అది మాయం కూడ అయితది.

మిర్యాలగూడ_12టైర్లు

మేడం గారు చెప్పింది నూరుపాళ్ళు కరెక్ట్. రాత్రి పూట ట్రాక్టర్ ట్రాలీలకు ఎనక ఒక్క లైటుండదు, ఎర్ర రేడియం స్టిక్కర్ ఉంటె అదే మహాభాగ్యం. పత్తి లోడు ట్రాలీ అయితే రెండు దిక్కుల బయటికి ఉబ్బి ఉంటది, కనపడేసరికి మీదికొస్తది.

చలికాలం పొద్దుగాల మంచు పడ్డప్పుడు మూడు సెకన్లు కూడ చాలవు, ముందు బండి టెయిల్ లైట్లను పట్టుకొని పోతే దారి దొరుకుతదని చానామంది అంటుకొని పోతరు, ఆయన రోడ్డు దిగితె మీరు కూడ దిగుతరు. అప్పుడు నేనైతె ఏదన్న డాబా కాడ ఆపి చాయ్ తాగుత, ఎండ పొడిసినంక బయల్దేరుత.

క్లెయిమ్స్_పని_చేసేటోన్ని

తప్పు ఎవరిది అన్నదానికి చెప్త, నా పని ఇన్సూరెన్స్ క్లెయిములు చూసుడు.

మామూలుగ అయితే ఎనక నుంచి తగిలినోన్ని ముందు అడుగుతరు, నీకు ఆపుకునేంత దూరం ఎందుకు లేదు అని. 2017ల వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లల్ల కూడ ముందు బండి సడన్‌గ ఆగినా నువ్వు ఆపుకోగలిగినంత దూరం ఇడువాలె అనే ఉంది, ఇన్ని మీటర్లు అని అంకె రాయలే, అందుకే కేసు కేసుకు చూస్తరు. సుప్రీంకోర్టు 2018ల ఒక కేసుల, ముందల పోతున్న లారీకి ఎనక కారు 10-15 అడుగుల దూరంల వస్తాంది, లారీ బ్రేకు కొట్టింది, కారు తగిలింది, అంత దూరం సేఫ్ దూరం అనిపించుకోదని లారీ డ్రైవర్‌ది తప్పు కాదన్నది. 10-15 అడుగులంటే ఒక కారు పొడుగు. రోజు హైవే మీద చూడండి, ఎంతమంది అంతే దూరంల పోతున్నరో.

అట్లని ముందున్నోనికి ఏ బాధ్యత లేదని కాదు. 2025 జూలైల ఇంకో తీర్పు వచ్చింది, కోయంబత్తూరు ఇంజినీరింగ్ పిల్లవాడు బైకు మీద పోతుంటె ముందు కారు హైవే మధ్యల సడన్‌గ ఆగింది, ఆ పిల్లవాడు కారుకు తగిలి పడ్డడు, ఎనకొచ్చే బస్సు కాలు మీదికెల్లి పోయింది, కాలు తీసేసిన్రు. కారాయన మా ఆవిడకు వాంతికొచ్చింది, గర్భిణి, అందుకే ఆపిన అన్నడు. కోర్టు హైవే మీద ఇండికేషన్ లేకుండ ఆపుడు తప్పేనని కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, దూరం పాటించలేదని ఆ పిల్లవానికి కూడ 20 శాతం బాధ్యత వేసింది. కాలు పోయిన పిల్లవాని పరిహారంల నుంచే ఆ 20 శాతం కోత పడ్డది, చదివినప్పుడు నాకు చానా బాధ అయింది.

నీ కేసుల ముందు కారుకు నువ్వు బాధ్యుడివి, నీకు ఎనకాయన, ఇది మామూలుగ నడిచే పద్ధతి. ముందాయన బైకు అడ్డమొస్తే బ్రేకు కొట్టిండు, కారణం ఉంది. ఆయన బండి డ్యామేజీకి నీ థర్డ్ పార్టీ, లేకపోతె ఆయన సొంత పాలసీ. నీ ఎనక బంపర్ సంగతి ఎనకాయనది. ముగ్గురు మాట్లాడుకొని ఎవరి బండి వాళ్ళు సొంత పాలసీల చేయించుకుంటె తొందరగ తేలుతది, నో క్లెయిమ్ బోనస్ పోతది, అది తప్పదు. రోడ్డు మీద జరిగితె ముందు మనుషుల్ని రోడ్డు అంచు దాటించి నిలబెట్టాలె, హజార్డ్ లైట్లు వేయాలె, ట్రయాంగిల్ డిక్కీల పడేసి మర్చిపోకుండ తీసి ఎనక దూరంగ పెట్టాలె, 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ బండి వస్తది, దెబ్బలు తాకితే 108. ఫోటోలు బండ్లు కదపకముందు రెండు తీస్తె చాలు.

రిటైర్డ్_డ్రైవర్_దేవరకొండ

బిడ్డ అడిగిన ఇంకో ముచ్చటకు ఎవరు చెప్పలే, ఎనక అంటుకొని డిప్పర్ కొట్టేటోని గురించి.

ఎనకోడు దగ్గరికి వచ్చిండంటె నువ్వు ముందల ఇంక ఎక్కువ జాగ ఇడువాలె. తక్కువ కాదు, ఎక్కువ. చానామంది రివర్స్ చేస్తరు, వాడు నూకుతున్నడని ముందుకు జరుగుతరు. నువ్వు ముందల జాగ పెంచినవనుకో, ముందోడు బ్రేకు కొట్టినా నువ్వు మెల్లగ తొక్కొచ్చు, మెల్లగ తొక్కితె ఎనకోనికి కూడ టైం దొరుకుతది. వాడు ఇడువని దూరం కూడ నువ్వే ఇడువాలె, నీ ఎనక సీట్ల ఉన్నది మీ అమ్మ కదా. కోపానికి బ్రేకు కొట్టి చూపియ్యకు. ఎడమ ఇండికేటర్ వేసి లేను ఇచ్చెయ్యి, పోనీ. రైట్ లేను ఓవర్‌టేకుకు, ఓవర్‌టేక్ అయినంక ఎడమకు వచ్చెయ్యాలె, దాంట్లనే చౌటుప్పల్ దాక పోవద్దు.

జామ్‌ల, టోల్ లైన్ల ఆగినప్పుడు ముందు బండి ఎనక టైర్లు రోడ్డును తాకే చోటు నీకు కనపడాలె, అంత జాగ ఉంచు, ఎనక నుంచి ఎవడన్న తగిలినా ముందుకు పోయి తాకవు, ముందు బండి చెడిపోతె పక్కకు తీసుకొని పోవచ్చు.

స్పీడ్_లవర్_సూర్యాపేట

టీచరమ్మా, ఆ 20 మూళ్ళు 60 లెక్క నేను ఎప్పుడు వేసుకోలే. నిన్న కోదాడ పోయి వచ్చిన, మూడు సెకన్లు పెట్టి చూసిన, మొదటి పది కిలోమీటర్లు చేతులు గుంజినయి, ఎవరన్న దూరితే లోపల మండింది, తర్వాత అలవాటైంది. నాకు కొత్తగ అనిపించింది ఏందంటే బ్రేకు మీద కాలు పెట్టుడే తక్కువైంది. అంబాసిడర్ మాట వాపసు తీసుకుంటున్న. వాన పడ్డప్పుడు ఎంత పెడుతున్నరు మీరు?

జడ్చర్ల_టీచరమ్మ

తమ్ముడూ మంచి మాట. వాన పడితే నేను ఆరు లెక్కపెడత. ముఖ్యంగ జూన్ల మొదటి వాన, ఎండాకాలం అంత రోడ్డు మీద కారిన ఆయిలు, దుమ్ము తడిసి సబ్బు నురగ లెక్క అయితది, గట్టి వానకంటె ఆ మొదటి అరగంట ఎక్కువ జారుతది. టైరు గాడులు అరిగితె నీళ్ళు బయటికి పోక బండి నీళ్ళ మీద తేలుతది, అప్పుడు బ్రేకు తొక్కినా దేన్ని పట్టుకుంటది. టైర్లు ఒకసారి చూయించుకో.

నల్లగొండ_టు_ఎల్బీనగర్

అందరికి దండాలు. బండి రిపేరై వచ్చి రెండు వారాలాయె, ఇయ్యాల పొద్దుగాల పోయిన. పెద్దాయన చెప్పిన నూటొకటి నూటరెండు నూటమూడు మొత్తం దారి అన్న. మా అమ్మ ఎనక సీట్ల కూసోని మన ముందు ఎన్ని దూరుతయో నేను లెక్కపెడత అన్నది, నార్కట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాక 23 బండ్లు, అండ్ల నాలుగు ఆటోలు. అంటె టీచరమ్మ లెక్కల నిమిషం మీద తొమ్మిది సెకన్లు. ఇంటికాడ బయల్దేరినప్పుడు, చేరినప్పుడు టైం చూసిన, ఎప్పుడు పట్టే టైమే పట్టింది. చిట్యాల రాకముందు ఆ మీడియన్ కట్ కాడ ఇయ్యాల కూడ ఒక బైకు నిలబడి ఉండె, ముందు కారు స్లో చేసింది, నేను కాలు తీసిన, అంతే, బ్రేకు కూడ తొక్కలే.

లారీ అన్నా, ఆ రోజు స్లో చేసి అరిచి చెప్పింది ఎవరో నాకు తెల్వదు, మీ మిర్యాలగూడ దిక్కు బండేనని బండి మీద రాసి ఉన్నది చూసినట్టు యాది. తెలిస్తె నా తరఫున చెప్పు.

మిర్యాలగూడ_12టైర్లు

చెప్త తమ్మీ, మా స్టాండుల అడుగుత. టిఫిన్ డబ్బా ఇప్పటికెల్లి అమ్మ ఒడిల పెట్టకు, సీటు కింద కాళ్ళ కాడ పెట్టు, ఎగరదు.